కర్నూలు–కడప సీమలో కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ పరిశోధన: ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ మార్గాలు

కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ రంగాల్లో నెలనెలా భృతి అందుకుంటూ పీహెచ్‌డీ చేయడానికి పూర్వపు కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులకు ప్రధానంగా రెండు దారులున్నాయి. కేంద్ర సంస్థల్లో భృతి సీటుతోపాటే వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అది సీటుతో రాదు. జాతీయ పరీక్షలో నెగ్గిన విద్యార్థి దాన్ని తన వెంట తెచ్చుకోవాలి. ఈ తేడా ముందే తెలిసినవారు పరిశోధన మీద మనసు పెట్టగలుగుతారు. తెలియక చేరినవారు రెండో ఏడాదికే ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ పరిశోధనను సెలవు రోజులకు నెట్టేయాల్సి వస్తుంది. ఈ వ్యాసం ఆ రెండు దారులను, వాటికి సంబంధించిన సంస్థలను, పరీక్షలను, నిబంధనలను, ఈ నేల మీదే పుట్టిన పరిశోధన ప్రశ్నలను వివరిస్తుంది.

నేపథ్యం

ఉన్నత విద్య కావాలని రాయలసీమ అడగడం ఈనాటిది కాదు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న అంశం ఉంది. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల అనంతపురంలో స్థిరపడింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి ఆ కళాశాలే మూలమైంది. కడపలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1977లో నెలకొల్పిన పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా ఎదిగింది. కర్నూలులోని పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది.

కృత్రిమ మేధ చరిత్రలో తొలి తరం పరిశోధకుల్లో ఒకరు రాయలసీమ బిడ్డే. దబ్బల రాజగోపాల్ రెడ్డి, అంటే ప్రపంచమంతా రాజ్ రెడ్డిగా ఎరిగిన వ్యక్తి, 1937లో చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టారు. 1958లో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టా పొంది, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ పూర్తిచేశారు. మనిషి మాటను యంత్రం ఎలా గుర్తించగలదన్నది ఆయన సిద్ధాంత గ్రంథం విషయం. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆ గౌరవం దక్కిన తొలి ఆసియావాసి ఆయనే. గ్రామీణ విద్యార్థుల కోసం 2008 చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి కూడా ఆయనే. ఆ విశ్వవిద్యాలయపు ప్రాంగణాల్లో ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. పదో తరగతి మార్కుల మీద పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఆరేళ్లు చదివి బీటెక్‌తో బయటికి వస్తారు. ఈ ప్రాంతంలో రేపటి పరిశోధకులు తయారు కావలసిన మొదటి మెట్టు అదే.

సంస్థలు

భృతి సీటుతోపాటే వచ్చే సంస్థ ఈ రెండు పూర్వపు జిల్లాల్లో కర్నూలులోని భారత సమాచార సాంకేతిక, డిజైన్, తయారీ సంస్థ (ట్రిపుల్ ఐటీ డీఎం). 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు హామీ ఇచ్చిన జాతీయ సంస్థల్లో ఇదొకటి. 2015లో కాంచీపురం ట్రిపుల్ ఐటీ డీఎం పర్యవేక్షణలో, ఆ ప్రాంగణంలోనే తరగతులు మొదలయ్యాయి. తర్వాత కర్నూలు శివార్లలోని జగన్నాథగట్టుకు తరలివచ్చింది. 2017లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా పొందింది. కంప్యూటర్ సైన్స్‌తో పాటు ఎలక్ట్రానిక్స్, మెకానికల్, మౌలిక శాస్త్రాల్లోనూ ఇక్కడ పీహెచ్‌డీ చేయవచ్చు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాలకు కంప్యూటర్ సైన్స్ విభాగాలున్నాయి. ఇంజనీరింగ్ వైపు పెద్ద గొడుగు జేఎన్‌టీయూ అనంతపురానిది. పులివెందులలో దాని సొంత ఇంజనీరింగ్ కళాశాల ఉంది. కర్నూలు జి. పుల్లారెడ్డి, నంద్యాల రాజీవ్ గాంధీ మెమోరియల్, కడప కేఎస్ఆర్ఎం వంటి కళాశాలలు దానికి అనుబంధంగా ఎదిగినవే. ఇలాంటి కళాశాలల అధ్యాపకుల్లో చాలామంది పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరుతుంటారు. అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి డాక్టరేట్ తప్పనిసరి కావడం దీనికి ముఖ్య కారణం. వీరికి సాధారణంగా ఫెలోషిప్ ఉండదు, జీతమే ఆధారం.

భృతి ఎక్కడి నుంచి వస్తుంది

సంస్థాగత భృతి: ట్రిపుల్ ఐటీలు, ఎన్ఐటీలు, ఐఐటీల్లో ఫుల్‌టైం స్కాలర్లకు కేంద్ర విద్యాశాఖ నిధులతో బోధనా పరిశోధక సహాయ భృతి అందుతుంది. దీనికి బదులుగా స్కాలరు వారానికి దాదాపు 8 గంటలు ల్యాబ్ తరగతులు, ట్యుటోరియళ్లు, జవాబుపత్రాల మూల్యాంకనంలో సాయపడాలి.

జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్): రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరేవారికి ఇదే అతి ముఖ్యమైన ఆధారం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారు ఆ భృతిని తాము చేరిన విశ్వవిద్యాలయంలో పొందవచ్చు. 2019లో నెలకు 31,000 రూపాయలుగా ఉన్న జేఆర్ఎఫ్ 2023 జనవరి 1 నుంచి 37,000కు పెరిగింది. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా మారితే 42,000 వస్తుంది. ఇంటి అద్దె భత్యం వీటికి అదనం. కర్నూలు, కడప నగరాలు జెడ్ శ్రేణిలో ఉన్నందున ఆ భత్యం అతి తక్కువ రేటులో అందుతుంది. ఇక్కడి అద్దెలూ హైదరాబాదుకంటే తక్కువే కాబట్టి చేతిలో మిగిలే మొత్తంలో పెద్ద నష్టమేమీ ఉండదు.

వర్గాల వారీ ఫెలోషిప్‌లు: ఎస్సీ విద్యార్థులకు ఏటా 2,000, ఓబీసీలకు 1,000, ఎస్టీలకు 750 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. వీటిలోనూ భృతి జేఆర్ఎఫ్ స్థాయిలోనే ఉంటుంది. తల్లిదండ్రులకు ఏకైక సంతానమైన ఆడపిల్లలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతీరావ్ ఫూలే పేరిట ఫెలోషిప్ ఇస్తోంది. మైనారిటీల కోసం నడిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022–23 నుంచి నిలిపివేసింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న కర్నూలు, కడప పట్టణాల్లో ఆ లోటు కనిపిస్తోంది. ఓబీసీ పరిధిలోకి వచ్చే ముస్లిం విద్యార్థులు ఓబీసీ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవడం ఇప్పుడున్న దారి.

విశ్వేశ్వరయ్య పథకం: ఎలక్ట్రానిక్స్, ఐటీ రంగాలకే ప్రత్యేకించి కేంద్ర ఐటీ శాఖ 2014లో దీన్ని మొదలుపెట్టింది. 2021లో ఆమోదం పొందిన రెండో దశలో 1,000 ఫుల్‌టైం, 150 పార్ట్‌టైం పీహెచ్‌డీ స్థానాలున్నాయి. ఆ దశలో ఫుల్‌టైం స్కాలరుకు మొదటి రెండేళ్లు 38,750, తర్వాత 43,750 రూపాయలు నిర్ణయించారు. పార్ట్‌టైం స్కాలర్లనూ పట్టించుకున్న అరుదైన పథకమిది.

ప్రాజెక్టు ఫెలోషిప్: గైడుకు ప్రభుత్వ సంస్థ మంజూరు చేసిన ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా చేరి, దానితోపాటే పీహెచ్‌డీకి నమోదు కావచ్చు. ఇలాంటి ప్రాజెక్టులకు నిధులిచ్చిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రిసెర్చ్ బోర్డు (ఎస్ఈఆర్‌బీ) ఇప్పుడు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో కలిసిపోయింది; 2023 నాటి చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్లలో ముగుస్తుంది, పీహెచ్‌డీ అంతకంటే ఎక్కువ కాలం సాగుతుంది. మిగిలిన కాలానికి భృతి ఎలాగన్నది చేరేముందే గైడుతో మాట్లాడుకోవాలి.

ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్: 2018లో మొదలైన ఈ పథకంలో తొలి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, చివరి రెండేళ్లు 80,000 రూపాయలు, ఏటా 2 లక్షల పరిశోధన గ్రాంటు ఉండేలా రూపొందించారు. ఐఐఎస్సీ, ఐఐటీల వంటి ఎంపికైన సంస్థలకే ఇది పరిమితం. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లలో 10,000 ఫెలోషిప్‌లు ఇస్తామని ప్రకటించారు.

ఇండియా ఏఐ మిషన్: 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 10,372 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ మిషన్‌లో పీహెచ్‌డీ ఫెలోషిప్‌లు కూడా ఒక భాగం. దీనికింద గణన శక్తిని తక్కువ ధరకు అందించే ఏర్పాటు కూడా జరిగింది. జీపీయూ సగటున గంటకు సుమారు 65 రూపాయలకు దొరుకుతుందని ప్రభుత్వం ప్రకటించింది. సొంత సర్వర్లు కొనలేని విభాగాలకు ఇది ఫెలోషిప్ అంత విలువైనది.

అర్హత, ప్రవేశం

బీటెక్, ఎంటెక్ చదివినవారు ఇంజనీరింగ్ అభిరుచి పరీక్ష గేట్ వైపు, ఎంసీఏ, ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ చదివినవారు నెట్ వైపు వెళ్లడం ఆనవాయితీ. కానీ ఈ రెండింటి మధ్య గోడ ఏమీ లేదు. అర్హత ఉన్నవారు రెండూ రాయడమే మంచిది. గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపరుకు తోడు 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపరు వచ్చింది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నెట్ ఏటా రెండు దఫాలు జరుగుతుంది: మొదటి పేపరులో 50, రెండో పేపరులో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటల సమయం. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు శ్రేణులుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ అర్హత, పీహెచ్‌డీ అర్హత మాత్రమే. చివరి రెండు శ్రేణుల్లో ప్రవేశానికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం ప్రాధాన్యం ఇస్తారు; ఆ అర్హత ఏడాదిపాటు చెల్లుతుంది. ఈ రెండు శ్రేణులవారికి పీహెచ్‌డీ తలుపు తెరుచుకుంటుంది కానీ భృతి మాత్రం రాదు. ఫలితాల రోజున చాలామంది పొరబడేది ఇక్కడే. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ ప్రవేశాలకు ఉన్నత విద్యామండలి తరఫున ఏపీ ఆర్‌సెట్ నిర్వహిస్తూ వచ్చారు. ఇది ప్రవేశ పరీక్ష మాత్రమే. ఇందులో ర్యాంకు వచ్చినంత మాత్రాన ఫెలోషిప్ రాదు.

చేరిన తర్వాత

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీని 2022 నవంబరులో వెలువడిన యూజీసీ నిబంధనలు నడిపిస్తాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారు పీజీ లేకుండానే నేరుగా చేరవచ్చు. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆపైన రెండేళ్ల పొడిగింపు దొరుకుతుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు ఇస్తారు. మహిళా స్కాలర్లకు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. పెళ్లి తర్వాత చదువు ఆగిపోతుందన్న భయమున్న ఇళ్లలో ఈ రెండు వెసులుబాట్ల గురించి తప్పక చెప్పాలి.

మొదట కోర్సువర్క్‌లో కనీసం 12 క్రెడిట్లు పూర్తిచేయాలి. తర్వాత ప్రతి సెమిస్టరులో సలహా కమిటీ ముందు పురోగతి చూపించాలి. ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్న విభాగంలో పీహెచ్‌డీ సీట్లు కూడా ఆ మేరకు తగ్గిపోవడానికి కారణం ఈ లెక్కే. రచనా చౌర్యం విషయంలో 2018 నిబంధనలు 10 శాతం దాటిన పోలికను తప్పుగా పరిగణిస్తాయి. సిద్ధాంత గ్రంథాలన్నీ శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలో చేరతాయి. ఎవరి దగ్గర చేరాలో నిర్ణయించుకునే ముందు ఆ గైడు పర్యవేక్షణలో వచ్చిన గ్రంథాలను అక్కడ ఉచితంగా చదివి చూడవచ్చు.

సీమ నేల అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీకి విషయం దొరకలేదన్న మాట ఈ ప్రాంతంలో వినిపించకూడదు. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులతో ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలను, నేలలోని తేమ సూచికను లెక్కగట్టి, వేరుశనగ విత్తే సమయం ఎప్పుడు మంచిదో యంత్రం చెప్పింది. ఆ సలహా తెలుగులో సంక్షిప్త సందేశంగా రైతు ఫోనుకు వెళ్లింది. హెక్టారు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు తెలిపాయి. స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేని పద్ధతిలో కృత్రిమ మేధ మెట్ట రైతు దాకా చేరిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అయితే ఒక మండలంలో ఒక పంటకు కుదిరిన నమూనా పత్తికి, కందికి, కర్నూలు ఉల్లికి పనిచేస్తుందా? వాన తీరు మారుతున్నప్పుడు పాత లెక్కలు ఎంతవరకు నిలుస్తాయి? ఒక్కో ప్రశ్న ఒక్కో సిద్ధాంత గ్రంథమంత పెద్దది.

రెండో రంగం శాసనాలు. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల కాలపు శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో దొరికిన అతి ప్రాచీన శాసనాల్లో అది ముందువరుసలో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. రాయి అరిగి, అక్షరం చెదిరి, రాత దిశే మారిపోయే చోట అచ్చు పుస్తకాలతో శిక్షణ పొందిన అక్షర గుర్తింపు పద్ధతులు చేతులెత్తేస్తాయి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం తాళపత్రాలను, గ్రామ చరిత్రలైన కైఫియతులను భద్రపరుస్తోంది. కంప్యూటర్ సైన్స్ స్కాలరు, తెలుగు శాఖ స్కాలరు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిన పని ఇది.

మూడోది మాట. కేంద్రం 2022 జులైలో ప్రారంభించిన భాషిణి వేదిక భారతీయ భాషల్లో అనువాదం, మాట గుర్తింపు సాధనాలను అందిస్తోంది. వార్తల తెలుగు విని నేర్చిన యంత్రానికి ఆదోని మార్కెట్‌లోనో, ప్రొద్దుటూరు బజారులోనో వినిపించే యాస, అందులో కలగలిసిన కన్నడ, ఉర్దూ పదాలు కొరుకుడు పడవు. ఆ యాసను రికార్డు చేసి, రాసి, గుర్తులు పెట్టి, అందరికీ అందుబాటులో ఉంచే సమాచార నిధిని తయారుచేయడం స్వయంగా ఒక పరిశోధన. మాట గుర్తింపు మీదే డాక్టరేట్ సాధించిన రాజ్ రెడ్డి పుట్టిన సీమలో ఆ పని జరగడం ఎంతైనా న్యాయం.

నాలుగోది అడవి. కలివికోడి రాత్రిపూట తిరిగే అరుదైన పక్షి. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలసింది. రాత్రంతా రికార్డు చేసిన వేల గంటల శబ్దంలో దాని కూతను వెతకడం మనుషుల వల్ల కాదు, యంత్ర అభ్యసనానికి తగిన పని. ఐదోది సౌర విద్యుత్తు. ఓర్వకల్లు దగ్గర గని–శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర పార్కు ఉంది. మేఘం కమ్మినప్పుడు ఎంత విద్యుత్తు తగ్గుతుందో ముందుగా చెప్పే నమూనాలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

పొరుగున, విదేశాల్లో

సీమ దాటకుండానే ఏర్పేడు దగ్గర 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ ఉంది. హైదరాబాద్ ఐఐటీ 2019లో కృత్రిమ మేధలో బీటెక్‌ను దేశంలోనే మొదటగా ప్రారంభించింది. 1998లో ఏర్పడిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాషా సాంకేతికతలో పేరుమోసింది. అది సొంత ప్రవేశ పరీక్ష నిర్వహిస్తుంది కాబట్టి గేట్ సరిగా రాయలేకపోయినవారికి మరో అవకాశం దొరుకుతుంది. 2018 డిసెంబరులో ఆమోదించిన సైబర్ భౌతిక వ్యవస్థల జాతీయ మిషన్ కింద ఏర్పడిన 25 కేంద్రాల్లో ఈ మూడు సంస్థలకూ చోటు దక్కింది.

విదేశాల్లో పద్ధతి వేరు. అమెరికాలో పేరున్న కంప్యూటర్ సైన్స్ విభాగాలు ఫీజు మాఫీ చేసి, బోధన లేదా పరిశోధన సహాయకుడిగా భృతి ఇస్తాయి. అక్కడ ఎమ్మెస్‌కు అప్పు చేయాల్సి వచ్చినా పీహెచ్‌డీకి సాధారణంగా ఆ అవసరం ఉండదు. జర్మనీలో చాలా చోట్ల పరిశోధకుణ్ని ఉద్యోగిగానే నియమిస్తారు. బ్రిటన్‌లో 2025–26కు ప్రభుత్వ కనీస భృతి ఏడాదికి 20,780 పౌండ్లు. అయితే విదేశీ విద్యార్థికి అక్కడ స్థానాలు పరిమితం. ఫీజు విద్యార్థే కట్టుకోవాలనే పీహెచ్‌డీ ఆహ్వానం ఏ దేశం నుంచి వచ్చినా జాగ్రత్తగా చూడాలి.

ఇబ్బందులు

మొదటి ఇబ్బంది ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఠంచనుగా పడకపోవడం. నెలల తరబడి ఆగి ఒకేసారి జమ కావడం దేశమంతటా స్కాలర్లకు అనుభవమే. మొదటి ఆరు నెలల ఖర్చుకు ఏర్పాటు చేసుకుని చేరడం క్షేమం. రెండోది గణన వసతి. పెద్ద భాషా నమూనాలకు శిక్షణ ఇవ్వడం జిల్లా స్థాయి విభాగానికి సాధ్యం కాదు. కానీ చిన్న నమూనాలు, స్థానిక సమాచార నిధులు, తక్కువ శక్తితో నడిచే పద్ధతులు అనే అంశాల్లో వనరుల కొరత అడ్డు కాదు. మూడోది డబ్బు తీసుకుని పత్రాలు అచ్చువేసే నకిలీ జర్నళ్లు, సిద్ధాంత గ్రంథాలు రాసిపెడతామనే దళారులు. 2022 నిబంధనలు పత్ర ప్రచురణను అందరికీ తప్పనిసరి చేయలేదు కాబట్టి ఆ హడావిడికి లొంగాల్సిన పని లేదు. విదేశీ విశ్వవిద్యాలయాల పేరు చెప్పి ఎడ్‌టెక్ సంస్థలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) 2022లోనే హెచ్చరించాయి.

కర్నూలు, కడప సీమలో పరిశోధన ప్రశ్నలకు కరువు లేదు. దేవనకొండ ప్రయోగం బయటి సంస్థలు వచ్చి చేసినది. అలాంటి పని ఇకముందు ఇక్కడి స్కాలర్లు చేయాలి. అందుకు ఖాళీ అధ్యాపక పోస్టులు నిండాలి, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ సొంత నిధుల్లోంచి కొన్ని ఫెలోషిప్‌లైనా ఏర్పరచాలి. ఇడుపులపాయలో, జగన్నాథగట్టులో, జిల్లా ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది చదువుతున్న విద్యార్థులు ముందు గేట్, నెట్ రాయాలి, తర్వాత గైడును వెతకాలి, భృతి ఎవరిస్తారో కాగితం మీద చూసుకున్నాకే చేరాలి.